సుహైల్ పక్కన జంట సూర్యులు

చిలకలపూడి పేరు చెప్పగానే తెలుగువారికి ముందుగా స్ఫురించేది బంగారు పూత నగ. రాగి మీదనో ఇత్తడి మీదనో పలుచని బంగారు పూత వేసి, పెళ్లిపందిరిలో పదిమంది ముందు నిలబడినా తలవంచుకోనక్కరలేని గాజులను, గొలుసులను, జుంకీలను ఈ ఊరి చేతులు తీర్చిదిద్దుతాయి. కంటికి కనిపించే మెరుపు ఒకటి, లోపలి లోహం మరొకటి అన్న సంగతి ఇక్కడివారికి ఎవరూ నేర్పనక్కరలేదు. గీటురాయి మీద గీసి చూడనిదే వారు మాట ఇవ్వరు.

గడచిన మార్చి మాసంలో ఒక సాయంత్రం మేము ఈ ఊరిలో ఒక మిత్రుని ఇంట అతిథులుగా ఉన్నాము. ముప్పై ఏళ్లుగా ఆయన వృత్తి బంగారు పూత పనే. మగ్రిబ్ నమాజు ముగించి కూర్చున్న వేళ, ఆ ఇంటి పెద్దామె ముఖంలో ఏదో దిగులు కనిపించింది. కారణమేమని అడిగితే, ఎనిమిదవ తరగతి చదువుతున్న మనుమరాలు ఫోను తెచ్చి మా చేతికిచ్చింది.

"చాచా, ఇది నిజమేనా?" అని అడిగింది.

ఈటా కెరీనే అనే రాక్షస నక్షత్రం త్వరలో బద్దలు కానున్నదని, దాని వేడికి భూమి మాడిపోతుందని, ఈ వార్తను వెంటనే పదిమందికి పంపాలని అందులో వ్రాసి ఉన్నది. పంపినవారి పేరు లేదు, ఎవరు చెప్పారన్న ఆధారం లేదు. ఎర్రటి అక్షరాలు, మంటల బొమ్మ మాత్రం ఉన్నాయి. దానిని చదివి వినిపించిన రాత్రి నుండి దాదీకి సరిగా నిద్ర లేదట. "మరణానికి భయపడే వయసు కాదు నాది. ఈ పిల్లల సంగతే నా దిగులు" అన్నారామె.

అంతా అబద్ధమని ఒక్క మాటలో కొట్టిపారేయడం మాకు తేలికే. కానీ మిత్రుడు నవ్వుతూ ఒక మాట అన్నారు. "ఎవరో పంపారని నమ్మడం ఎటువంటిదో, మీరు కాదన్నారని మానుకోవడం కూడా అటువంటిదే కదా భాయ్. రెండూ గీసి చూడకుండా కొన్నట్టే." ఆ మాట మాకు న్యాయంగా తోచింది. ఇషా నమాజు తరువాత అందరం కలిసి మంగినపూడి తీరానికి బయలుదేరాము. ఆ నక్షత్రాన్ని చూసి, దానిని గురించి మనుషులకు ఏమి తెలుసో, ఎలా తెలిసిందో మాట్లాడుకుందామని అనుకున్నాము. ఆ రాత్రి మాటలనే పాఠకుల ముందు ఉంచుతున్నాము.

సుహైల్‌కు రెండు జానల దూరంలో

రాత్రి పది గంటల ప్రాంతం. దీపాలకు దూరంగా జరిగి దక్షిణం వైపు తిరిగాము. కుడిచేతి వైపున, నేలకు ఎంతో ఎత్తు లేకుండా, ఒక తెల్లని తార నిలకడగా వెలుగుతున్నది. తెలుగువారు దానిని అగస్త్య నక్షత్రమంటారు. అరబ్బులు సుహైల్ అన్నారు. ఆకాశంలోని తారలన్నిటిలో ప్రకాశానికి రెండవది అదే.

ఈ తీరానికి సుహైల్ కొత్త కాదు. గోలకొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం పెద్ద రేవు. ఇక్కడి ఓడలు తూర్పున పెగూకు, అరకానుకు, అచేకు, పడమర ఎర్రసముద్రంలోని మోఖాకు సాగేవి. పడమర పోయే ఓడలలో సరుకుతో పాటు హజ్ యాత్రికులూ ఉండేవారు. నాటి హిందూ మహాసముద్రపు నావికులకు రాత్రివేళ దారి చూపినవి తారలే. పదిహేనవ శతాబ్దపు అరబ్బు నావికుడు ఇబ్న్ మాజిద్ కాలంలో దిక్సూచిలోని దిక్కులను సైతం నక్షత్రాల పేర్లతోనే పిలిచేవారు. సుహైల్ ఉదయించే దిక్కు, సుహైల్ అస్తమించే దిక్కు అన్న మాటలు ఓడ నడిపేవారి నోట నిత్యం మెదిలేవి.

సుహైల్ ఉన్న ప్రాంతాన్ని ప్రాచీనులు ఒక పెద్ద ఓడగా ఊహించారు. యూరపు ఖగోళజ్ఞులు తరువాతి కాలంలో ఆ ఓడను భాగాలుగా విడదీసి, అడుగు దూలానికి కెరీనా అని పేరు పెట్టారు. సుహైల్ ఆ దూలానికి ఒక కొనన ఉన్నది. అక్కడి నుండి చేయి చాచి, ఎడమవైపుకు సుమారు రెండు జానలు కొలిస్తే పాలవెల్లిలో ఒక మసక వెలుగు తగులుతుంది. మేము వెతుకుతున్న ఈటా కెరీనే అక్కడే ఉన్నది.

మా ప్రాంతం నుండి అది ఎంత పైకి వచ్చినా నేలకు 14 డిగ్రీల ఎత్తును మించదు. సముద్రపు తేమ నిండిన గాలిలో వట్టి కంటికి ఆనడం కష్టం. మేము వెంట తీసుకుపోయిన బైనాక్యులర్‌లో చూస్తే, పలుచని పొగమంచులో దీపపు వత్తి వంటి చిన్న చుక్క కనిపించింది. అమ్మాయి చాలాసేపు చూసి, "ఇంత చిన్నదా! దీనికేనా దాదీ ఇంత భయపడింది?" అన్నది.

చిన్నదిగా కనబడటానికి కారణం దూరం. ఆ వెలుగు మన కంటిని చేరడానికి సుమారు 7,500 సంవత్సరాలు పడుతుంది. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు సాగే కాంతికే అంత కాలం పడుతున్నది. దగ్గరకు వెళ్లి చూడగలిగితే అది సూర్యునికి సుమారు 50 లక్షల రెట్ల కాంతిని వెదజల్లుతున్నది. మన సూర్యుడు ఒక ఏడాది పొడవునా ఇచ్చేంత వెలుగును అది ఆరేడు సెకన్లలో ఇచ్చేస్తుంది.

చూసి వ్రాసినవారి సాక్ష్యం

ఇంత సంగతి ఎలా తెలిసింది? మొదటి ఆధారం, చూసినదానిని చూసినట్టుగా వ్రాసి ఉంచినవారి సాక్ష్యం.

ఈ పద్ధతికి మన చరిత్రలో గొప్ప ఆదర్శం ఉన్నది. పదవ శతాబ్దంలో ఇస్ఫహాన్ నగరంలో అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ నక్షత్రాలను గురించి ఒక గ్రంథం రచించాడు. దాని కాలం 964. అప్పటికి ఎనిమిది వందల ఏళ్ల క్రితం టాలమీ వ్రాసిన నక్షత్ర పట్టిక అందరికీ ప్రమాణం. అల్ సూఫీ టాలమీని గౌరవించాడు, కానీ ఆయన లెక్కను కళ్లు మూసుకొని ఎత్తి వ్రాయలేదు. ఒక్కొక్క తారను తన కంటితో చూసి, దాని ప్రకాశం ఏ తరగతికి చెందినదో తిరిగి నిర్ణయించాడు. భేదం కనబడిన చోట తాను చూసినదే వ్రాశాడు. పెద్దవారి మాట పట్ల గౌరవం, పరిశీలన పట్ల నిజాయితీ రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చునని ఆయన గ్రంథం సాక్ష్యమిస్తున్నది.

ఈటా కెరీనే విషయంలోనూ ఇటువంటి సాక్షులే మనకు దారి చూపారు. 1677లో ఎడ్మండ్ హేలీ అనే ఆంగ్ల యువకుడు సెయింట్ హెలీనా ద్వీపం నుండి దక్షిణాకాశాన్ని పరిశీలించి, దీనిని నాలుగవ తరగతి తారగా నమోదు చేశాడు. అంటే కంటికి కనబడే సాధారణమైన తార. 1827లో బ్రెజిలు దేశంలో ఉన్న విలియం బర్చెల్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు అది మొదటి తరగతికి పెరిగిందని గమనించాడు. 1837 డిసెంబరులో దక్షిణాఫ్రికా కొనన ఉన్న జాన్ హెర్షెల్ ఆకాశం వైపు చూసి ఆశ్చర్యపోయాడు. తనకు బాగా పరిచయమైన ఆ తార ఉన్నట్టుండి అనేక రెట్లు ప్రకాశిస్తున్నది.

1843 మార్చి నాటికి అది సుహైల్‌ను కూడా మించిపోయింది. ఆకాశం మొత్తం మీద దానికన్నా ప్రకాశవంతమైన తార ఒక్క సిరియస్ మాత్రమే మిగిలింది. ఆ రాత్రులలో మంగినపూడి తీరాన, దివిసీమ అంచున హంసలదీవి వద్ద, వలలు లాగుతూ తలెత్తిన వారి కళ్ల ముందు కూడా అది వెలిగే ఉంటుంది. అయితే చూసిన ప్రతివారూ వ్రాసి ఉంచరు. వ్రాసి ఉంచినవారి చూపు మాత్రమే మనకు మిగిలింది.

ఆ వైభవం ఎంతో కాలం నిలువలేదు. 1856 తరువాత ఆ తార వేగంగా మసకబారి, కంటికి ఆనకుండా పోయింది. ఇరవయ్యవ శతాబ్దం మధ్య నుండి మళ్లీ నెమ్మదిగా పుంజుకొని, నేడు హేలీ చూసిన స్థాయికి దగ్గరగా చేరింది.

బందరు గడ్డ మీద ఆకాశపు గీటురాయి

సాక్ష్యం ఉంటే చాలదు, కొలత కావాలి. సాక్షి మాట నిజమో కాదో తేల్చే గీటురాయి కావాలి. ఈ రెండింటి కథలోనూ మచిలీపట్నానికి చోటున్నదంటే పాఠకులకు ఆశ్చర్యం కలగవచ్చు.

తారల ప్రకాశాన్ని మొదటి తరగతి, రెండవ తరగతి అని విభజించడం టాలమీ కాలం నుండి ఉన్నదే. కానీ ఒక తరగతికి, మరొక తరగతికి మధ్య తేడా ఎంత అన్నదానికి అందరూ అంగీకరించిన లెక్క లేదు. 1856లో ఇంగ్లండులో నార్మన్ పాగ్సన్ అనే ఖగోళజ్ఞుడు ఒక సూత్రం ప్రతిపాదించాడు. అయిదు తరగతుల తేడా ఉంటే వెలుగులో సరిగ్గా 100 రెట్లు తేడా అన్నాడు. అంటే ఒక్కొక్క మెట్టుకు సుమారు రెండున్నర రెట్లు. ప్రపంచమంతా నేటికీ వాడుతున్నది ఈ కొలతనే. 1843లో కనిపించిన ఈటా కెరీనేకు, నేడు కనిపించేదానికి ఈ లెక్కన సుమారు అయిదు మెట్ల తేడా ఉన్నది. అంటే ఆనాడు అది ఇప్పటికన్నా దాదాపు వంద రెట్లు ప్రకాశించింది.

ఆ పాగ్సన్ 1861లో మద్రాసు వేధశాలకు అధిపతిగా వచ్చి, 1891లో మరణించేవరకు అక్కడే పనిచేశాడు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం ఆంధ్రదేశం మీదుగా సాగినప్పుడు, దానిని పరిశీలించడానికి ఆయన ఎంచుకున్న చోటు మచిలీపట్నం. అప్పటికి నాలుగేళ్ల క్రితమే, 1864 నవంబరు 1 నాటి ఉప్పెన ఈ పట్టణంలోను, పరిసరాలలోను సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకున్నది. ఆ దెబ్బ నుండి ఇంకా కోలుకుంటున్న ఊరిలో పాగ్సన్ తన పరికరాలను నిలబెట్టాడు. అదే రోజున గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ ఉన్నాడు. మద్రాసు వేధశాలకే చెందిన చింతామణి రఘునాథాచారి నాటి నిజాం రాజ్యంలోని వనపర్తిలో ఉన్నాడు.

వారు తెచ్చిన పరికరాలలో ముఖ్యమైనది వర్ణపటాన్ని చూపే స్పెక్ట్రోస్కోపు. గాజు పట్టకం గుండా వెలుగును పంపితే అది రంగులుగా విడిపోతుంది. ఆ రంగుల పట్టీలో సన్నని గీతలు కనిపిస్తాయి. ఏ మూలకానికి ఆ మూలకపు గీతలే ఉంటాయి. హైడ్రోజనుకు ఒక వరుస, సోడియానికి మరొకటి, ఇనుముకు ఇంకొకటి. స్వర్ణకారుడు రాయి మీద పడిన గీత రంగును చూసి లోహాన్ని గుర్తుపట్టినట్టు, శాస్త్రజ్ఞుడు ఈ గీతలను చూసి కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్న పదార్థాన్ని గుర్తుపడతాడు. ఆ ఉదయం సూర్యబింబం పూర్తిగా మూసుకున్న కొద్ది నిమిషాలలో, సూర్యుని అంచున ఎగసే జ్వాలలలో ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. వాటిలో సోడియం గీతల దగ్గరగా ఉన్న ఒక పసుపు గీత అప్పటికి తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. అదే తరువాత హీలియం అన్న పేరు పొందింది. భూమి మీద దానిని వేరుచేసి చూడటానికి 1895 వరకు ఆగవలసి వచ్చింది.

"అంటే ఆకాశానికి కూడా గీటురాయి ఉన్నదన్నమాట" అన్నారు మా మిత్రుడు. ఆయన వృత్తికి సంబంధించిన మాట గనుక, మేము చెప్పినదానికన్నా ఆయన చెప్పినదే ఇంటివారికి తేలికగా అర్థమైంది.

ఒకటి కాదు, రెండు

ఈ గీటురాయితోనే ఈటా కెరీనే గుట్టు బయటపడింది. దాని వర్ణపటంలోని కొన్ని గీతలు అప్పుడప్పుడు మాయమై, కొన్నాళ్లకు తిరిగి వస్తుండేవి. 1948, 1965, 1981, 1992 సంవత్సరాలలో ఇటువంటి మార్పులు నమోదయ్యాయి. బ్రెజిలు దేశపు ఖగోళజ్ఞుడు ఆగస్టో దమినేలి ఈ పాత లెక్కలన్నిటినీ ఒకచోట చేర్చి, మార్పు ప్రతి అయిదున్నర సంవత్సరాలకు ఒకసారి వస్తున్నదని 1996లో ప్రకటించాడు. 1997 చివరన మళ్లీ రావాలన్నాడు. ఆ డిసెంబరులో ఆయన చెప్పినట్టే గీతలు మాయమయ్యాయి. అది పంచుతున్న ఎక్స్ కిరణాలు కూడా ఉన్నట్టుండి తగ్గిపోయాయి.

గడియారం వలె తిరిగి వచ్చే మార్పుకు కారణం ఒక్కటే కావచ్చు. అక్కడ ఉన్నది ఒక తార కాదు, రెండు. పెద్దది సుమారు వంద సూర్యుల బరువు, చిన్నది ముప్పై సూర్యులకు తక్కువ కానంత బరువు. చిన్నది అనడం పెద్దదాని పక్కన ఉన్నందువల్లనే. విడిగా ఉంటే అదే ఆకాశంలో ఒక మహాతార. పెద్దదాని వెలుగులో మునిగిపోయి అది ఎంతోకాలం ఎవరికీ విడిగా కనబడలేదు.

ఈ రెండూ ఒకదాని చుట్టూ ఒకటి బాగా సాగిన కోడిగుడ్డు ఆకారపు దారిలో తిరుగుతున్నాయి. దూరంగా ఉన్నప్పుడు వాటి మధ్య ఎడం సూర్యునికి, నెప్ట్యూనుకు మధ్య ఉన్నంత. దగ్గరయినప్పుడు సూర్యునికి, అంగారకునికి మధ్య ఉన్నంత మాత్రమే. రెండింటి నుండి నిత్యం వాయువులు ఎగసిపోతుంటాయి. పెద్దదాని గాలి సెకనుకు సుమారు 420 కిలోమీటర్లు సాగితే, చిన్నదాని గాలి 3,000 కిలోమీటర్లు సాగుతుంది. ఆ రెండు గాలులు ఢీకొన్న చోట వాయువు కోట్ల డిగ్రీల వేడికి చేరి ఎక్స్ కిరణాలను వెదజల్లుతుంది. జంట బాగా దగ్గరయినప్పుడు ఆ వేడి ప్రాంతం పెద్దదాని దట్టమైన గాలిలో మునిగి, కొన్ని వారాల పాటు మరుగున పడిపోతుంది. 2014లోను, 2020లోను శాస్త్రజ్ఞులు ముందుగా లెక్కకట్టుకొని ఈ దృశ్యం కోసం ఎదురుచూశారు.

జంట తారలను తూచే విద్య మన ప్రాంతానికీ పరాయిది కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదులో తన సొంత ఖర్చుతో ఒక వేధశాలను నెలకొల్పాడు. అదే నిజామియా వేధశాలగా పేరొంది, లక్షలాది తారల స్థానాలను కొలిచిన ప్రపంచ కార్యక్రమంలో పాలుపంచుకున్నది. తరువాత అది ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందకు వచ్చింది. 1944 నుండి 1960 వరకు దానికి అధిపతిగా ఉన్న అక్బర్ అలీ కాలంలో, తారల వెలుగును విద్యుత్ పరికరంతో కొలిచే పద్ధతి అక్కడ ప్రవేశించింది. ఆ వెనుక హైదరాబాదుకు చేరువలోని జపాల్ రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని నెలకొన్నది. ఒక తార మరొక తారకు అడ్డు వచ్చినప్పుడు జంట వెలుగు ఎంత తగ్గుతుందో, ఎంతసేపు తగ్గుతుందో కొలిచి, రెండింటి పరిమాణాన్ని రాబట్టడం ఆచార్య కె.డి. అభ్యంకర్ వంటివారు అక్కడ విద్యార్థులకు నేర్పిన విద్య.

1843లో ఏమి జరిగింది?

తార ఎంత పెద్దదయితే దాని ఆయువు అంత తక్కువ. ఇంధనం ఎక్కువే, కానీ ఖర్చు అంతకన్నా ఎక్కువ. మన సూర్యుని ఆయుర్దాయం సుమారు వెయ్యి కోట్ల సంవత్సరాలు. వంద సూర్యుల బరువున్న తార 30 లక్షల ఏళ్లలోనే దివాలా తీస్తుంది. పైగా అంతటి తారలో లోపలి వెలుగే పైపొరలను బయటకు నెడుతుంటుంది. బరువు లోపలికి లాగుతుంది, వెలుగు వెలుపలికి తోస్తుంది. ఈటా కెరీనే ఈ రెండింటి మధ్య సన్నని గట్టు మీద నడుస్తున్నది.

పంతొమ్మిదవ శతాబ్దంలో ఆ సమతూకం తప్పింది. పది సూర్యులకు మించిన పదార్థాన్ని అది కొద్ది సంవత్సరాలలో బయటకు విసిరింది. ఆ పదార్థం నేటికీ రెండు పెద్ద బుడగల ఆకారంలో వ్యాపిస్తున్నది. హబుల్ దూరదర్శిని తీసిన చిత్రాలలో ఆ బుడగలు స్పష్టంగా కనిపిస్తాయి. అంత పదార్థం పోగొట్టుకొని కూడా తార బ్రతికే ఉన్నది.

1843లో తారల వెలుగుకు పట్టే గీటురాయి ఇంకా లేదు. మరి ఆనాటి విస్ఫోటాన్ని పరీక్షించేదెలా? ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. ఆనాటి వెలుగు అన్ని దిక్కులకూ పోయింది గదా. దానిలో కొంత దూరపు ధూళి మేఘాలకు తగిలి, ప్రతిధ్వని వలె వెనుదిరిగి, చుట్టుదారిన సుమారు 170 ఏళ్లు ఆలస్యంగా భూమిని చేరింది. శాస్త్రజ్ఞులు దానిని పట్టుకొని వర్ణపటాన్ని పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించారు. హెర్షెల్ చూసిన వెలుగునే ఆయన మనుమల మనుమలు గీటురాయి మీద పెట్టి చూశారన్నమాట. అసలు అక్కడ మొదట మూడు తారలు ఉండేవని, వాటిలో రెండు ఒకటైపోవడమే ఆ విస్ఫోటానికి కారణమని ఒక వాదన ఉన్నది. అది ఇంకా పరీక్షలో ఉన్న మాట.

బద్దలైతే ఏమవుతుంది?

దాదీ ఇంతసేపూ ఓపికగా విని, "ఇదంతా బాగున్నది. అది పగిలేది నిజమా, కాదా?" అని అడిగారు.

నిజమే. అంతటి తార ఒకనాటికి కూలిపోక తప్పదు. రేపే కావచ్చు, వేల ఏళ్ల తరువాత కావచ్చు, లక్షల ఏళ్ల తరువాతనైనా కావచ్చు. తేదీ చెప్పగలవారు ఎవరూ లేరు. తేదీ చెప్పి భయపెట్టే సందేశం ఆ ఒక్క కారణంతోనే గీటురాయి మీద నిలువదు. ప్రళయ ఘడియ జ్ఞానం తమ చేతిలో ఉన్నట్టు మాట్లాడేవారిని విశ్వాసులు మరింత జాగ్రత్తగా చూడవలసి ఉన్నది.

ఇక భూమి మాట. దానికి సమాధానం హిజ్రీ 396లో, అంటే క్రీ.శ. 1006లో దొరికింది. ఆ ఏడాది వసంతంలో దక్షిణాకాశాన ఒక తార బద్దలయింది. మానవచరిత్రలో నమోదైన తారా విస్ఫోటాలన్నిటిలో ప్రకాశవంతమైనది అదే. కైరో నగరపు వైద్యుడు అలీ ఇబ్న్ రిద్వాన్ అప్పటికి యువకుడు. అది శుక్రగ్రహాన్ని రెండు మూడు రెట్లు మించి కనబడిందని, దాని వెలుగుకు దిక్కు ప్రకాశించిందని, అది ఏ రాశిలో ఉన్నదో కూడా చెప్పి వ్రాసి ఉంచాడు. ఆయన ఇచ్చిన గుర్తులను, చైనా మొదలైన దేశాల వ్రాతలను కలిపి నేటి శాస్త్రజ్ఞులు దాని అవశేషాన్ని గుర్తుపట్టారు. దాని దూరం సుమారు 7,200 కాంతి సంవత్సరాలు. ఈటా కెరీనే కూడా దాదాపు అంతే దూరం. రెండు విస్ఫోటాల కారణాలు వేరు. అయినా అంత దూరంలో ఒక తార బద్దలైతే భూమికి ఏమవుతుందో మన పెద్దలు చూసి చెప్పారు. పంటలు పండాయి, పిల్లలు పుట్టారు, అజాన్లు వినిపించాయి.

అతి భారీ తారలు కూలేటప్పుడు కొన్నింటి నుండి గామా కిరణాలు సన్నని ధారగా దూసుకువస్తాయన్నది నిజం. అవి తార ఇరుసు వెంటే పోతాయి. ఈటా కెరీనే విసిరిన బుడగల వాలు చూస్తే ఆ ఇరుసు భూమి వైపు లేదు.

దాదీ ఒక్క క్షణం ఆగి, "అల్‌హమ్దులిల్లాహ్. ఆ ఇబ్న్ రిద్వాన్ వ్రాయకపోతే ఇంత ధైర్యంగా చెప్పగలిగేవారా మీరు?" అన్నారు. చెప్పలేకపోయేవారమని ఒప్పుకున్నాము.

చిలకలపూడి పనిబల్ల మీద

తిరిగి వచ్చే దారిలో మిత్రుడు తన వృత్తి సంగతి ఎత్తారు. "మేము పూసే బంగారం మాత్రం భూమిదే గదా?" అన్నారు. భూమిలో దొరికేదే, కానీ భూమిలో పుట్టినది కాదు. శక్తినిచ్చే కేంద్రక సంలీనంతో ఏ తార అయినా తన కడుపులో ఇనుము దరిదాపుల వరకే మూలకాలను వండగలదు. బంగారానికి అంతకన్నా భయంకరమైన ఘట్టం కావాలి. ఈటా కెరీనే అంత కాకపోయినా, సూర్యునికి పది రెట్లు, పదిహేను రెట్లు బరువున్న జంట తారలు కొన్ని ఒకదాని తరువాత ఒకటి బద్దలై, చివరకు రెండు చిన్న, అతి బరువైన న్యూట్రాను తారలుగా మిగులుతాయి. అవి కోట్ల ఏళ్ల పాటు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి, చివరకు ఢీకొంటాయి. 2017 ఆగస్టు 17న అటువంటి ఒక ఘటన సంకేతం భూమిని చేరింది. ప్రపంచంలోని దూరదర్శినులన్నీ ఆ వైపు తిరిగాయి. బంగారం, ప్లాటినం వంటి బరువైన మూలకాలు పుట్టిన జాడలు ఆ వెలుగులో కనిపించాయి.

చిలకలపూడి పనిబల్ల మీద ఒక పేద ఇంటి పెళ్లికూతురి గాజుకు అంటుకునే ఆ పలుచని పూత, సూర్యుడు పుట్టకముందే ఎక్కడో ఏ జంట తారల అంతంలోనో పుట్టినది కావచ్చు. ఆ మాట విన్న తరువాత మిత్రుడు తన చేతి వేళ్లను ఒకసారి చూసుకున్నారు. ఏమీ మాట్లాడలేదు.

ఇల్లు చేరాక అమ్మాయి ఒక నోటుపుస్తకం తీసి తేదీ, సమయం, నిలబడిన చోటు, చూసిన దిక్కు, చూసినవారు ఎందరు అన్నవి వ్రాసుకున్నది. "సుహైల్ బాగా కనిపించింది. ఈటా కెరీనే బైనాక్యులర్‌లో మాత్రమే కనిపించింది, పక్కనున్న చిన్న తారల కన్నా కొంచెం ఎక్కువ వెలుగు" అని చేర్చింది. తరువాత ఆ సందేశం పంపినవారికి జవాబు వ్రాసి, వాళ్ల నాన్నకు చూపి పంపింది. ఎర్ర అక్షరాలు వాడలేదు.

పాఠకులకు మా మనవి ఇదొక్కటే. నేడు మనలో చాలామంది ఆకాశం వైపు తలెత్తేది నెలవంక కోసం మాత్రమే. మార్చి, ఏప్రిల్ నెలలలో మబ్బు లేని ఒక రాత్రి, ఇషా తరువాత, పిల్లలను వెంటబెట్టుకొని దీపాలకు దూరంగా దక్షిణం వైపు నిలబడండి. మార్చిలో సుహైల్‌ను చూపించి, అక్కడి నుండి రెండు జానలు ఎడమకు కొలవమనండి. ఏప్రిల్ మధ్యలో రాత్రి తొమ్మిది గంటలకు ఈటా కెరీనే సరిగ్గా దక్షిణాన ఉంటుంది. కనబడితే కనబడిందని, కనబడకపోతే కనబడలేదని వ్రాయించండి. చూడనిదాన్ని చూశామని వ్రాయకుండా ఉండటం పిల్లలకు ఆ రాత్రే అలవడుతుంది. ఆ అలవాటు నక్షత్రాల విషయంలోనే కాదు, ఫోనులో వచ్చే ప్రతి వార్త విషయంలోనూ, ఇరుగుపొరుగును గురించి చెవిన పడే ప్రతి మాట విషయంలోనూ వారిని కాపాడుతుంది.